మోకు కట్టిన నాగులమ్మ

పలమనేరుకు దక్షిణాన, అడవిని ఆనుకుని మూలబండపల్లె అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో ఈడిగ మునెయ్య అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. మీసాలు మొలవకముందే మోకు నడుముకు కట్టి ఈతచెట్లెక్కి కల్లు దించినవాడు. చెనక్కాయ పంట చేతికొచ్చే కార్తీకంలో అదే మోకుతో వాగు ఒడ్డున మద్దిచెట్టెక్కి, మోకులో వెనక్కి వాలి కూర్చుని, వెదురు విల్లుతో అడవి పందుల్ని కొట్టేవాడు. మంచె కట్టుకునేవాడు కాదు. పందులు ఇవాళ వచ్చిన దారిన రేపు రావు, మంచె మాత్రం కట్టిన చోటే ఉంటుంది. మోకైతే మనిషితో పాటు ఏ చెట్టుకైనా వస్తుంది అనేవాడు.

అలాంటి మునెయ్య పంతొమ్మిది వందల డెబ్బై ఏడో సంవత్సరం కార్తీకంలో చెట్టు మీద నుంచి పడ్డాడు. కూతురు నాగులమ్మ పొయ్యి రాజేస్తూ ఉండగా నలుగురు మనుషులు అతన్ని మంచం మీద మోసుకొచ్చారు. తొడలో బాణం దిగి ఉంది. తుంటి విరిగింది.

జరిగింది ఇది. ఆ సాయంత్రం కులపెద్ద దేవరాజులు ఊరి మగవాళ్ళను వేటకు కూడగట్టాడు. ఒక్కొక్కరూ ఒక్కో చెట్టు ఎక్కాలి. మునెయ్య ఎప్పుడూ విల్లును చెట్టు మొదట్లో ఉంచి, వట్టి చేతులతో ఎక్కి, కుదురుగా కూర్చున్నాక సన్నతాడుతో విల్లు పైకి లాక్కునేవాడు. ఆ రోజు అతనింకా తాడు ముడి వేస్తుండగానే వాగులో పందుల గురగుర వినిపించింది. దేవరాజులు పక్క చెట్టు కింద నుంచి పళ్ళు కొరికాడు.

"తాడూ గీడూ ఇప్పుడు యాడ కడతావబ్బా? భుజానేసుకోని ఎక్కు. వొచ్చేసినాయి."

కులపెద్ద మాట కాదనలేక మునెయ్య విల్లు భుజానికి తగిలించి, బాణాలు మొలలో దోపుకుని ఎక్కాడు. సగం ఎక్కేసరికి విల్లు కొన కొమ్మల పంగలో ఇరుక్కుంది. నారి మెడకు ఒరుసుకుంది. దాన్ని విడిపించుకోబోయి ఒక చేయి వదిలాడు. అంతే. కింద పడేటప్పుడు మొలలో ఉన్న బాణమే అతని తొడలో దిగింది.

మునెయ్య బతికాడు కానీ మళ్ళీ చెట్టెక్కే యోగం లేదని పలమనేరు ఆసుపత్రిలో చెప్పారు. అతన్ని ఇంటికి తెచ్చేలోపే ఊళ్ళో వేరే మాట పుట్టింది. ఆ రోజు పొద్దున నాగులమ్మ విల్లు నారికి తేనెమైనం రుద్దిందట. ఆడదాని చేయి తగిలిందట. అందుకే గంగమ్మతల్లి పడదోసిందట. నిజానికి నాగులమ్మ పావడా కట్టే వయసు నుంచీ ఆ నారికి మైనం రుద్దుతూనే ఉంది. అప్పుడెవరికీ పట్టలేదు.

వారం తిరక్కుండా దేవరాజులు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని మునెయ్య ఇంటికి వచ్చాడు. నాగులమ్మ తండ్రి గాయం కడుగుతోంది. ఆమె మొగుడు కుప్పయ్య వాకిట్లో సైకిలుకు పాలక్యాన్లు కడుతున్నాడు.

"విల్లూ మోకూ ఇట్లా తెచ్చియ్యి మ్మే" అన్నాడు దేవరాజులు. "తల్లి గుళ్ళో పెట్టేస్తాము. ఇంట్లో ఉంటే మంచిది కాదు."

"ఏం, ఎందుకు మంచిది కాదు?"

"ఎందుకేంది? ఆడదాని చెయ్యి తగిలిన విల్లు అది. తల్లికి కోపమొచ్చినాది. మీ నాయన్ని సూస్తా ఉండావు గదా."

నాగులమ్మ చేతిలో గుడ్డ నీళ్ళలో పడేసి లేచింది. "మా నాయన పడింది నా చెయ్యి తగిలి కాదు పెద్దాయనా. విల్లు భుజానేసుకోని ఎక్కినందుకు పడినాడు. ఏసుకోమనింది ఎవురు?"

దేవరాజులు పెద్దల వైపు చూశాడు. వాళ్ళు నేల చూశారు. "మాటలు బాగా నేర్సినావే" అన్నాడు.

"ఇంకో మాట గూడా ఉండాది, వినిపో. గంగజాతరలో మగోళ్ళు చీరలు కట్టుకోని, గాజులు తొడుక్కోని, జడలేసుకోని వేషాలు కడతారే. పోయినేడు నువ్వు కట్టింది మా ఇంటి చీరే గదా. మగోడు చీర కడితే తల్లి మెచ్చుకుంటాది, ఆడది విల్లు ముడితే మాత్రం కోపం తెచ్చుకుంటాదా? ఏ తల్లప్పా అది? మన గంగమ్మేనా?"

గోడ అవతల ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. దేవరాజులు ముఖం నల్లబడింది.

"ముట్టుకున్నందుకే ఇంత గోల సేస్తా ఉండారే" నాగులమ్మ ఆగలేదు, "సెట్టు గూడా ఎక్కుతాను. మా నాయన మోకు కట్టుకోనే ఎక్కుతాను. ఏం సేస్తారో సేసుకోండి."

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా తను చెట్టెక్కుతానని ఆమెకే తెలియదు. అన్నాక మాత్రం వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు. మంచంలో మునెయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు కానీ నిద్రపోలేదు. పెద్దలు వెళ్ళిపోయాక అడిగాడు.

"అన్నంత పనీ సేస్తావా?"

"సేస్తాను నాయనా."

"అట్లయితే ముందు సరిగ్గా నేర్సుకో. నా మాదిరి పడబాక."

ఊరు వాళ్ళను వెలేసింది. మునెయ్య గీసే ఈతచెట్లు వేరేవాళ్ళకు పోయాయి. నిప్పుకు పోతే నిప్పు లేదన్నారు, కూలికి పోతే పని లేదన్నారు. కుప్పయ్య పాలు మోసే పని పక్క ఊరి వాళ్ళది కాబట్టి నిలబడింది. ఈ కుప్పయ్య నాగులమ్మకు వరుసకు మేనమామే. మంచివాడు, ఒకరి జోలికి పోడు. అయితే ఈడిగ ఇంట్లో పుట్టీ బావి గట్టు మీద నిలబడితేనే అతనికి కళ్ళు తిరుగుతాయి. చెట్టెక్కలేని ఈడిగవాడని ఊరంతా ఎప్పుడూ ఎగతాళి చేసేది. ఇప్పుడు పెళ్ళాం ఎక్కుతానంటోంది.

"నువ్వు పడితే నేనేం గావాలమ్మే?" అన్నాడు ఒక సాయంత్రం.

"పడను మామా. కింద నువ్వుంటావు గదా."

"నేనుంటే? పట్టుకుంటానా ఏంది?"

"నన్ను పట్టుకోవద్దు. నీకు వేరే పని ఉండాది. నాయన సెప్తాడు సూడు."

మరుసటి ఏడు వానలు పడి చెనక్కాయ మొలకెత్తాక పాఠం మొదలైంది. కుప్పయ్యా నాగులమ్మా మునెయ్యను మంచంతో సహా మోసుకెళ్ళి మద్దిచెట్టు కింద దించేవాళ్ళు. మునెయ్య చేతికర్ర పట్టుకుని అక్కడి నుంచే కేకలేసేవాడు. నాగులమ్మ చీర గోచి పోసి బిగించి, మోకును మాను చుట్టూ తిప్పి నడుముకు కట్టుకునేది. ఈతచెట్టు మీదైతే మోకు సాఫీగా పైకి జరుగుతుంది. మద్దికి కొమ్మలుంటాయి. కొమ్మ అడ్డం వచ్చిన ప్రతిచోటా రెండో తాడు కొమ్మకు పైన కట్టుకుని, ఆ తర్వాతే కింది మోకు విప్పాలి.

"పైది బిగించకుండా కిందిది ఇప్పినావంటే అంతే సంగతి" అని మునెయ్య రోజూ అరిచేవాడు. "రెండు సేతులూ సెట్టుకే. ఎక్కేటప్పుడు నీకు విల్లు లేదు, బాణం లేదు. అవి కింద ఉండాయన్న సంగతే మర్సిపో."

పైకెక్కి కూర్చోవడం ఎక్కడం కంటే కష్టమైంది. మోకు మీద బరువంతా వదిలి, కాళ్ళు మానుకు తన్ని, వెనక్కి వాలాలి. ఆమె నడుము వదిలేది కాదు, చేతులు మానును విడిచేవి కావు.

"సగం నమ్మితే సేతులొణుకుతాయి పాపా! పూర్తిగా వాలు. మీ తాతనూ నన్నూ మోసిన మోకు అది."

ఒక రోజు కళ్ళు మూసుకుని వాలిపోయింది. మోకు కిర్రుమంది, నిలబడింది. రెండు చేతులూ గాలిలోకి చాచి, కిందున్న ఇద్దరినీ చూసి పెద్దగా నవ్వింది. కుప్పయ్య మాత్రం తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత విల్లు సంగతి. ఆమె నడుముకు సన్నని కిత్తనార తాడు కట్టి ఉంటుంది, దాని రెండో కొస నేల మీద ఉంటుంది. కుప్పయ్య విల్లును పిడి దగ్గర ఒక ముడి, పై కొన దగ్గర ఒక ఉచ్చు వేసి కడతాడు. అలా కడితే విల్లు అడ్డం తిరగకుండా నిలువుగా లేస్తుంది. బాణాలు వెదురు బొంగులో, ములుకులు కిందికి, మూతికి గుడ్డ కుక్కి వేరుగా వెళ్ళాలి. మొదటిసారి లాగినప్పుడు విల్లు బొంగరంలా తిరిగి కొమ్మలో చిక్కుకుంది. నాగులమ్మ విసురుగా గుంజింది. ముడి జారి విల్లు మానుకు ఫటేలున కొట్టుకుంది.

"గుంజొద్దు!" మునెయ్య కర్రతో మంచం కోడును బాదాడు. "చిక్కుకున్నదాన్ని గుంజితే విరుగుతాది, లేకుంటే నీ మీదికే వొస్తాది. కిందికి వొదులు. మళ్ళా ఎత్తు. ఎన్నిసార్లయినా సరే, వొదిలి ఎత్తు."

అప్పుడు కుప్పయ్యకు ఒక ఆలోచన వచ్చింది. విల్లు కింది కొనకు ఇంకో తాడు కట్టి, దాని చివర తను పట్టుకుని, చెట్టుకు దూరంగా నిలబడ్డాడు. ఆమె పైన లాగుతుంటే అతను కింద కొంచెం కొంచెం వదులుతూ, విల్లును మానుకూ కొమ్మలకూ తగలకుండా ఎడంగా పట్టాడు. విల్లు తిరగకుండా, తడబడకుండా ఆమె ఒళ్ళోకి చేరింది. మునెయ్య చేతికర్ర మంచం మీద పెట్టాడు.

"ఇది నాకెప్పుడూ తోచలేదబ్బోడా" అన్నాడు. ఆ రాత్రి కుప్పయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

కార్తీకం వచ్చింది. నాగులమ్మ ఎక్కుతుందట అని ఊరంతా పాకింది. పొద్దు వాలే వేళకు మగవాళ్ళు చింతతోపు గట్టున చేరారు. నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు. నాగులమ్మ ఎవరినీ చూడలేదు. ఎక్కింది, కట్టుకుంది, వాలింది. విల్లు లాగడం మొదలుపెట్టింది. సగం దూరం వచ్చేసరికి కింద కుప్పయ్య తాడు రాయి సందులో పడి బిగుసుకుంది. అదే సమయంలో వాగులోంచి పందులు వచ్చేశాయి. ముందు ఒక ముసలి మొగపంది, వెనక గుంపు. కుప్పయ్య చేను గట్టు వెనక కొయ్యబారిపోయాడు.

విల్లు గాలిలో వేలాడుతోంది. ఒక్క గుంజు గుంజితే తెగి చేతికి వచ్చేస్తుందేమో. నాగులమ్మ పళ్ళు బిగించి, తాడు మెల్లగా కిందికి వదిలింది. ఆకులు కదిలాయి. మొగపంది తలెత్తింది, బుస్సుమంది. గుంపంతా చేను మూల ఒకటి తవ్విపోసి అడవిలోకి మళ్ళింది.

మరుసటి రోజు టీ అంగడి దగ్గర దేవరాజులు అందరికీ వినిపించేలా అన్నాడు. "మునెయ్య కూతురు పందులకు కావిలి కాస్తా ఉండాదంటప్పా. ఎవురూ వాటిని ఏమీ సేయకుండా!"

ఆ మాట మోసుకుని కుప్పయ్య తల వంచుకుని ఇంటికొచ్చాడు. "రాయిలో తాడు బిగిసింది నా తప్పే" అన్నాడు.

"అయితే ఈ పొద్దు రాళ్ళు ఏరేసేయ్" అంది నాగులమ్మ. "దానికెందుకు ఏడుస్తావు? పందులు పొయినాయి, మళ్ళా వొస్తాయి. నేనుండాను. విల్లు ముక్కలు కాలేదు. నగేవాళ్ళను నగనీ."

ఆ రోజు ఆమె పొద్దు వాలేదాకా ఆగలేదు. ఎండ ఉండగానే, పశువులు ఇళ్ళకు మళ్ళే వేళ, అందరూ నడిచే దారి పక్కనున్న మద్దిచెట్టును అందరూ చూస్తుండగా ఎక్కింది. తోపు గట్టున ఎవరో ఈల వేశారు. ఆమె మోకులో వాలి, విల్లు లాక్కుని, బాణాల బొంగు లాక్కుని, తాడు చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చూసి చూసి విసుగొచ్చి జనం ఇళ్ళకు పోయారు.

వెలుగు ఇంకా పూర్తిగా పోకముందే మొగపంది వచ్చింది. వాసన చూస్తూ, నిలుస్తూ, చెట్టు కిందికే వచ్చింది. నాగులమ్మ బాణం తొడిగింది. చేతులు వణకలేదు. పంది ముట్టె నేలలో గుచ్చి, ముందరి కాలు చాచినప్పుడు, ఆ కాలి వెనక మెత్తటి చోటికి వదిలింది. పంది ఒక్క ఎగురు ఎగిరి వాగు వైపు పరుగెత్తి, ఇసుకలో మోకాళ్ళ మీద పడింది.

కుప్పయ్య గట్టు వెనక నుంచి కేకలు పెడుతూ లేచాడు.

"అరుపులు తర్వాత! ముందు విల్లందుకో మామా" అంది పై నుంచి. బాణాలు దించింది, విల్లు దించింది. చేతులు ఖాళీ అయ్యాక తను దిగింది. నేల మీద కాలు పెట్టింది. మద్ది మానుకు వీపు ఆనించి కూలబడి, నవ్వుతూ ఏడ్చింది.

వేట పడితే ఊళ్ళో ప్రతి ఇంటికీ మాంసం వాటా పంచడం, తలకాయ కులపెద్దకు పంపడం అక్కడి ఆనవాయితీ. తెల్లవారి నాగులమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధిలో నడిచింది. వెలేసిన ఇంటి నుంచి తీసుకోవచ్చా కూడదా అని జనం గుమ్మాల్లో నిలబడి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముసలి జ్ఞానాంబ గిన్నె పట్టుకుని ముందుకొచ్చింది.

"నాకు పళ్ళు లేవమ్మే, మెత్తటిది ఎయ్యి. వెలీ గిలీ నాకు తెల్దు, నాకు ఆకలి తెల్సు."

ఆ తర్వాత గిన్నెలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కొన్ని తలుపులు మూసుకున్నాయి. వాటి ముందు నాగులమ్మ ఆగలేదు.

మధ్యాహ్నానికి దేవరాజులు ఇంటి నుంచి మనిషి వచ్చాడు. "పెద్దాయనకు తలకాయ రావాలంట."

"వొస్తాది" అంది నాగులమ్మ. "ఎవురు కొట్టిన వేట అంటే నాగులమ్మ కొట్టిన వేట అని తోపు కాడ నిలబడి అందరి ముందరా సెప్పమను. ఆ మాట సెప్పిన నిమిషానికి నేనే ఎత్తుకోని వొస్తాను."

మనిషి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. సాయంత్రం ఆమె తలకాయ వండి, వచ్చినవాళ్ళందరికీ పెట్టింది. వెలి ఎత్తేశామని ఎవరూ చాటలేదు. ఊరికే, ఎవరూ దాన్ని పట్టించుకోవడం మానేశారు.

మరుసటి కార్తీకంలో పందులు దేవరాజులు చేను సగం దున్నిపోశాయి. ఒక మధ్యాహ్నం అతని భార్య వరదమ్మ నాగులమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"మా ఆయన రాడు. సచ్చినా రాడు. నేనొచ్చినాను."

"ఆయనకు తెల్సా?"

"తెలిస్తే తెలస్నీ. ఆ సేను ఇత్తింది నేను, కలుపు తీసింది నేను. మా సెట్టు మీద గూడా రెండు రోజులు కూర్సోమ్మే."

"కూర్సుంటాను. కానీ మా మామకు జొరం. కింద తాడు నువ్వే పట్టుకోవాల."

"నేనా! విల్లు తాడా?" వరదమ్మ గుండెల మీద చేయి వేసుకుంది.

"నువ్వే అక్కా."

వరదమ్మ పట్టుకుంది. మొదట బిగబట్టింది, తర్వాత కొంచెం కొంచెం వదలడం తెలిసింది. దేవరాజులు గట్టు మీదికి వచ్చి, తువ్వాలు భుజం మీద సర్దుకుంటూ చూసి, వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు. అతను వెళ్ళేదాకా వరదమ్మ తల తిప్పలేదు. వెళ్ళాక కూడా తాడు వదల్లేదు.

మునెయ్య పంతొమ్మిది వందల ఎనభై రెండులో పోయాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు తమిళ అడవుల వైపు నుంచి ఏనుగులు దిగాయి. ఒక సాయంత్రం నాగులమ్మ చెట్టెక్కి మోకులో వాలింది, విల్లు ఇంకా కిందే ఉంది. వాగు మలుపులోంచి ఒంటరి ఏనుగు వచ్చింది. కుప్పయ్యను పరుగెత్తమని సైగ చేసింది. ఏనుగు వచ్చి మద్ది మానుకు ఒళ్ళు రుద్దుకుంది. చెట్టు ఊగింది, మోకు కిర్రుమంటూ ఆమెను మోసింది. కింద దాని కాలి కింద వెదురు విల్లు ఫెళ్ళుమని విరిగిన చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడుకు నాగులమ్మకు భయం పోయి కోపం వచ్చింది. పై నుంచి ఆ ఏనుగును, దాని అమ్మను, అబ్బను, అది వచ్చిన అడవిని, పేరు పేరునా ఊరి దాకా వినిపించేలా తిట్టింది. ఏనుగు చెవులాడిస్తూ అంతా విని, మెల్లగా చేలోకి నడిచింది. ఆమె దాని వెనక నుంచి ఇంకా తిడుతూనే ఉంది. కుప్పయ్య ఊళ్ళోంచి కాగడాలతో, డబ్బాలతో జనాన్ని తెచ్చేదాకా తిడుతూనే ఉంది.